బ్యాచ్ కొడితే ‘లేదు’ అన్న ఆ 9 రోజుల గురించి

మన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్న మెడికల్ షాపుల వారికీ, ఎరువులు, పురుగుమందుల షాపుల వారికీ నమస్కారం.

గత నెలలో 9 రోజులపాటు మీ ర్యాకుల్లో ఉన్న సరుకును మన సాఫ్ట్‌వేర్ లేదని చెప్పింది. కొన్ని బిల్లులను రెండుసార్లు రాసుకుంది. డబ్బు కట్టేసిన రైతుల పేరు మీద బాకీ అలాగే చూపించింది. తప్పు నాది. ఏం జరిగింది, ఏం సరిచేశాను, 11వ తేదీలోపు మీరు చూసుకోవాల్సింది ఏమిటి, అన్నీ రాస్తున్నాను. కాస్త పొడుగ్గా ఉంటుంది, దయచేసి చివరిదాకా చదవండి.

మొదటి ఫోను రేపల్లె నుంచి వచ్చింది, మెడికల్ షాపు నడిపే మేడమ్ దగ్గర్నుంచి. “స్ట్రిప్పు నా చేతిలోనే ఉందండీ. స్టాకు లిస్టులోనూ కనిపిస్తోంది. బ్యాచ్ నంబరు కొడితే మాత్రం లేదంటోంది” అన్నారు. “హైఫన్ సరిగ్గా పడిందేమో చూడండి మేడమ్” అన్నాను నేను. ఆవిడ మూడుసార్లు కొట్టి చూశారు. కౌంటర్ ముందు పేషెంటు నిలబడి ఉంటే ఇంక ఆగలేక, అదే బ్యాచ్‌ను కొత్తగా ఎంట్రీ చేసి బిల్లు ఇచ్చారు. జబ్బు ఏమిటో ఆవిడ మాటల్లోనే ఉంది. లిస్టులో ఉంది, కొడితే లేదు. నేనే పట్టుకోలేకపోయాను. మేడమ్, ఆ రోజు మీ టైపింగును అనుమానించినందుకు క్షమించండి.

రెండోది పొన్నూరు వైపు ఎరువుల షాపులో జరిగింది. ఒక రైతు పాత ఖాతా పూర్తిగా తీర్చి రసీదు తీసుకుని వెళ్లాడు. మర్నాడు యూరియా కోసం వస్తే స్క్రీన్ మీద బాకీ అలాగే ఉంది. షాపాయన అడిగారు. రైతు జేబులోంచి రసీదు తీసి చూపించాడు. సాయంత్రం షాపాయన నాకు ఫోన్ చేసి, “నలుగురి ముందు ఆ మనిషిని అడిగేశాను బాబూ” అన్నారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఆ రాత్రి సర్వర్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. డిస్కు చూశాను, మెమరీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మీ లెక్కలన్నీ ఉండేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో. అది ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. దానితో ఏళ్ల తరబడి పనిచేసి, మనలాంటి చిన్నవాళ్లు అడిగితే పైసా తీసుకోకుండా దారి చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను అడిగాను. నా ప్రశ్న చదివిన ఒకాయన తిరిగి ఒకటే ప్రశ్న వేశారు: “ఈమధ్య ఆపరేటింగ్ సిస్టమ్ మార్చారా?”

మార్చాను. మన పాత సర్వర్ ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ 18.04 వెర్షన్ మీద నడిచేది. దానికి మామూలు సపోర్టు 2023లోనే అయిపోయింది. వాయిదా వేస్తూ వచ్చి, గత నెల ఒక ఆదివారం రాత్రి 22.04 ఉన్న కొత్త సర్వర్‌కు మార్చాను. మీ షాపులు ఎక్కువసేపు ఆగకూడదని, పాత డేటాబేస్ ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు, బైటు బైటుకూ కొత్తదానిలోకి నకలు తీసుకునే పద్ధతి పెట్టాను. దాన్ని స్ట్రీమింగ్ రెప్లికేషన్ అంటారు. నాలుగు నిమిషాల్లో మారిపోయింది. సోమవారం పొద్దున అన్నీ సజావుగా ఉన్నట్టే కనిపించాయి.

ఆ నకలులోనే చిక్కు దాగి ఉంది. చిన్నప్పుడు పలక మీద దిద్దిన అక్షరమాలలో క్ష చివర్లో ఉంటుంది. నిఘంటువు తెరిస్తే క్షేమం అనే మాట క కిందే ఉంటుంది. రెండు వరసలూ సరైనవే. నిఘంటువు వరసలో సర్దిన పుస్తకాన్ని అక్షరమాల వరస మాత్రమే తెలిసిన పిల్లాడికి ఇచ్చి క్షేమం వెతకమంటే, చివరి పేజీలు తిప్పి “లేదండీ” అంటాడు. మాట పుస్తకంలోనే ఉంది. వాడు అబద్ధమూ ఆడలేదు.

డేటాబేస్‌లో ఇండెక్సు అంటే అలా వరసగా సర్దిన పట్టీయే. లక్షల బ్యాచ్ నంబర్లలో మీదొకటి క్షణంలో దొరుకుతోందంటే దాని చలవే. అయితే ఏ అక్షరం ముందు, ఏ గుర్తు వెనక అనే వరసను మామూలుగా పోస్ట్‌గ్రెస్ తనంతట తాను పెట్టుకోదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండే జీలిబ్‌సీ అనే లైబ్రరీని అడుగుతుంది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28లో ఆ వరస నియమాలు భారీగా మారాయి. ముఖ్యంగా హైఫన్ లాంటి గుర్తుల విషయంలో. 1-1, 11 అనే రెండింటిని వరసలో పెట్టమంటే పాతది 11ను ముందు పెట్టి 1-1ని వెనక పెడుతుంది. కొత్తది 1-1ని ముందు పెడుతుంది. రెండు సర్వర్ల మీదా నేనే కొట్టి చూశాను, సరిగ్గా తిరగబడి వచ్చాయి. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, 22.04లో ఉన్నది 2.35. అంటే పాత వరసలో సర్దిన పట్టీని కొత్త వరస ప్రకారం వెతికించాను.

మందుల బ్యాచ్ నంబర్లలో హైఫన్లు ఎన్ని ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. బిల్లు నంబర్లూ అంతే. జీఎస్టీ నియమాల ప్రకారం బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, గుర్తుల్లో హైఫన్, స్లాష్ మాత్రమే వాడుకోవచ్చు. మనవాళ్లు చాలామంది సంవత్సరాన్నీ కౌంటర్‌నూ ఆ రెండింటితోనే విడదీస్తారు. అంకెలు మాత్రమే ఉన్న బార్‌కోడ్లు మామూలుగానే పనిచేశాయి. అందుకే కిరాణా వైపు నుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు, నేనూ ఇది ఒకటి రెండు షాపుల సమస్యే అనుకుని రోజులు పోగొట్టాను.

ఆపరేటింగ్ సిస్టమ్ గురించి అడిగినాయన చెప్పిన పరీక్ష చాలా చిన్నది. ఇండెక్సు వాడవద్దని డేటాబేస్‌కు చెప్పి, రేపల్లె మేడమ్ బ్యాచ్ నంబరునే మళ్లీ అడగమన్నారు. ఇండెక్సుతో అడిగితే ఒక్క ఎంట్రీ కూడా రాలేదు. ఇండెక్సు ఆపి, టేబుల్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదవమంటే రెండు ఎంట్రీలు వచ్చాయి. ఒకటి ఆవిడ ఎప్పుడో కొన్నప్పటి ఎంట్రీ, రెండోది పేషెంటు ఎదురుగా ఉండగా చేసిన ఎంట్రీ. ఒకే బ్యాచ్ రెండుసార్లు రాకూడదని మనం పెట్టిన కట్టడి కూడా ఆ ఇండెక్సు మీదే ఆధారపడుతుంది. అది తప్పు చోట వెతికి, ఇంతకుముందు లేదు కదా అనుకుని రెండోదాన్ని రానిచ్చింది. పొన్నూరు రైతు విషయమూ ఇదే. ఖాతా బిల్లుకు డబ్బు జమ చేస్తే పాత బిల్లు దిద్దాలి. పాత బిల్లు దొరకక, అదే నంబరుతో కొత్త బిల్లు రాసుకుంది. పాతదాని మీద బాకీ అలాగే ఉండిపోయింది.

కారణం తెలిశాక ఏం చేయాలన్న దాని మీద సలహాలు ఒకే తీరుగా రాలేదు. వెంటనే ఇండెక్సులన్నీ తిరిగి కట్టించేయమన్నారు ఒకరు. ఆదివారం నాటి బ్యాకప్‌కు వెనక్కి వెళ్లమన్నారు ఇంకొకరు. వెనక్కి వెళ్తే 9 రోజుల మీ బిల్లులు పోతాయి, అది నేను ఒప్పుకోలేదు. మొదటి ప్రశ్న అడిగినాయన మాత్రం, “ముందు కొత్త ఎంట్రీలు ఆపండి. డేటాబేస్ ఆపి ఫైళ్లన్నీ వేరే చోట కాపీ పెట్టుకోండి. ఆ తర్వాతే దేన్నైనా ముట్టుకోండి” అన్నారు. ఆ మాటే పట్టుకున్నాను. ఆ మంగళవారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా సాఫ్ట్‌వేర్ ఆగింది అందుకే. రాత్రంతా తెరిచి ఉండే మెడికల్ షాపుల వాళ్లు చేతిబిల్లులు రాసుకోవాల్సి వచ్చింది. మీకు కలిగిన ఇబ్బందికి మన్నించండి.

కాపీ అయ్యాక ఏఎమ్‌చెక్ అనే పరికరంతో ఒక్కో ఇండెక్సునూ పరీక్షించాను. ఇది పోస్ట్‌గ్రెస్‌తోపాటే వస్తుంది. అంకెల ఇండెక్సులన్నీ శుభ్రంగా ఉన్నాయి. బ్యాచ్, బిల్లు నంబరు, పార్టీ పేరు ఇండెక్సుల్లో వరస తప్పిందని చెప్పింది. తిరిగి కట్టించబోతే బిల్లు నంబర్ల దగ్గర ఆగిపోయింది, జంటలు ఉన్నాయి కాబట్టి. జంటలను యంత్రానికి వదిలి చెరిపించలేదు. నేనూ, మన సపోర్టు కుర్రాళ్లిద్దరూ కూర్చుని ఒక్కో జంటనూ పక్కపక్కన పెట్టి చూశాం. పాత బిల్లును ఉంచి, కొత్తదాని మీద పడిన జమను దానికి కలిపి, ఆ కొత్తదాన్ని విడిగా భద్రపరిచాం. ఏదీ పూర్తిగా చెరిపేయలేదు. బుధవారం తెల్లవారుజామున మేడమ్ బ్యాచ్ నంబరు మళ్లీ కొట్టాను. ఒకే ఎంట్రీ వచ్చింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. గత నెల అమ్మకాల రిపోర్టు ఇంతకుముందే తీసుకుని ఉంటే దాన్ని పక్కనపెట్టి కొత్తగా తీసుకోండి. నెలనెలా అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేసేవాళ్లకు 11 దాకా గడువు ఉంది. ముందే వేసేసి ఉంటే, పన్ను లెక్క చూపే జీఎస్టీఆర్-3బీ వేసేలోగా జీఎస్టీఆర్-1ఏలో సవరించుకునే వీలు 2024 నుంచి ఉంది. మీ అకౌంటెంటుకు ఈ సంగతి చెప్పండి. ఏయే బిల్లులు జంటలుగా పడ్డాయో ప్రతి షాపుకూ విడిగా జాబితా పంపాను. ఖాతాదారుల్లో ఎవరినైనా ఆ 9 రోజుల్లో బాకీ అడిగి ఉంటే, ఆ జాబితా చూసి వాళ్లకు ఒక మాట చెప్పండి. కావాలంటే నేనే ఫోన్ చేసి తప్పు మాదని చెబుతాను.

మన వైపు మార్పులు కూడా చేశాం. బ్యాచ్, బిల్లు నంబర్ల వరసను ఇకనుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగదు. బైట్ల విలువను బట్టి పోల్చే ‘సీ’ వరసకు మార్చాను, ఏ అప్‌డేట్ వచ్చినా అది మారదు. మనం ఇంకా పోస్ట్‌గ్రెస్ 13లో ఉన్నాం. డేటాబేస్ కట్టినప్పటి వరస నియమాలకూ ఇప్పటివాటికీ తేడా వస్తే కనెక్టు అయ్యేటప్పుడే హెచ్చరించే ఏర్పాటు 15 నుంచి ఉంది. 13కు సపోర్టు కూడా 2025 నవంబరుతో ముగిసింది, అందుకని 17కు మారుతున్నాం. ఈసారి ఫైళ్ల నకలు తీయను. డేటాను బయటకు దింపి కొత్తదానిలో తిరిగి పోస్తాను, అప్పుడు ఇండెక్సులన్నీ అక్కడి వరసలోనే కొత్తగా కట్టుకుంటాయి. అందుకు ఒక ఆదివారం రాత్రి కొన్ని గంటలు పడుతుంది. ఏ ఆదివారమో వారం ముందే చెబుతాను.

బ్యాచ్‌లు రెండుసార్లు ఎంట్రీ అయిన షాపుల్లో స్టాకును ర్యాకు దగ్గర లెక్కపెడితే తప్ప తేలదు. గురువారం రేపల్లె, శుక్రవారం పొన్నూరు, శనివారం బాపట్ల నేనే వస్తున్నాను. మధ్యాహ్నం రద్దీ తగ్గాక మొదలుపెడదాం. నేను పంపిన జాబితా ప్రింటు తీసి ఉంచండి.