ప్రసవం తరువాత, శస్త్రచికిత్స తరువాత బ్రా కొలత గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక మహిళల పేజీలో బాలింతల ఆహారం, వ్యాయామం, బరువు తగ్గడం గురించిన వ్యాసాలను శ్రద్ధగా చదువుతుంటాను. అవన్నీ ఉపయోగపడేవే. అయితే ప్రసవం, పాలు మాన్పించడం, బరువు పెరగడం లేదా తగ్గడం, ముట్లుడగడం, రొమ్ముకు శస్త్రచికిత్స జరగడం వంటి మార్పుల తరువాత, పొద్దుటి నుంచి రాత్రి వరకు ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బ్రాను ఏ కొలతతో ఎంచుకోవాలన్న విషయం మాత్రం ఆ పేజీల్లో ఎన్నడూ కనిపించలేదు. ప్రసూతి వార్డులోను, ఆ తరువాత రొమ్ము శస్త్రచికిత్సల వార్డులోను నర్సుగా పనిచేసినదాన్ని కనుక, ఈ మౌనం వల్ల స్త్రీలు ఎంత బాధను అనవసరంగా భరిస్తున్నారో దగ్గరగా చూశాను.

భుజాల మీద స్ట్రాపులు దిగబడి లోతైన చారలు పడడం, రొమ్ముల కింద చర్మం ఒరుసుకుని మండడం, మెడా వీపూ లాగడం వంటి వాటిని వయసు వల్ల, పనిభారం వల్ల వచ్చినవని చాలామంది సరిపెట్టుకుంటారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు. కాని పెళ్లికి ముందు కొన్న సైజునే ఇద్దరు బిడ్డలు పుట్టిన తరువాత కూడా అడిగి తెచ్చుకుంటున్నప్పుడు, ముందుగా అనుమానించవలసింది ఆ సైజునే.

బ్రా మీద ఉండే అంకె రొమ్ముల కింద పక్కటెముకల చుట్టుకొలతకు సంబంధించినది. పక్కన ఉండే అక్షరం, రొమ్ముల మీదుగా తీసిన కొలతకూ ఆ కింది కొలతకూ మధ్య ఉన్న తేడాను తెలుపుతుంది. చాలా పట్టికల ప్రకారం తేడా 1 అంగుళం ఉంటే ఎ, 2 అంగుళాలుంటే బి, 3 ఉంటే సి, 4 ఉంటే డి. అంటే అక్షరానికి విడిగా అర్థం లేదు. 32డి, 34సి, 36బి సైజుల కప్పుల్లో పట్టే పరిమాణం దాదాపు ఒక్కటే. 1930లలో అమెరికాలో ఎ నుంచి డి వరకు నాలుగు అక్షరాలతో ఈ పద్ధతి మొదలైంది కాబట్టి కాబోలు, డి అంటే అన్నిటికన్నా పెద్దదన్న అభిప్రాయం ఇంకా పోలేదు. ఆ అక్షరం అడగడానికి సిగ్గుపడి, కప్పు చాలని ప్రతిసారీ అంకెను పెంచుకుంటూ పోయేవారు ఎందరో ఉన్నారు. అలా చేస్తే చుట్టూ వచ్చే బ్యాండ్ వదులై వెనుక పైకి లేస్తుంది, మోయవలసిన బరువంతా స్ట్రాపుల మీద పడుతుంది. నిజానికి రొమ్ములకు ఆధారంలో ఎక్కువ భాగాన్ని ఇవ్వవలసింది బ్యాండే. కింది కొలతకు 4 లేదా 5 అంగుళాలు కలిపి సైజు చెప్పే పాత లెక్క కూడా ఈ తప్పునే పెంచుతుంది.

సరిపోయిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. కొత్త బ్రాను చివరి, అంటే అన్నిటికన్నా వదులుగా ఉండే హుక్కుకు పెట్టినప్పుడే అది ఒంటికి పట్టి ఉండాలి. వాడే కొద్దీ సాగుతుంది కాబట్టి లోపలి హుక్కులు అప్పటికి పనికొస్తాయి. బ్యాండ్ ముందూ వెనుకా ఒకే ఎత్తులో ఉండాలి, దాని కింద రెండు వేళ్లు దూరాలి, చేతులు పైకెత్తినా అది కదలకూడదు. తీగ ఉన్న బ్రా అయితే ఆ తీగ రొమ్ము కింది మడతలో కూర్చోవాలి తప్ప రొమ్ము మీద గుచ్చుకోకూడదు, మధ్య భాగం ఛాతీ ఎముకకు ఆనాలి. కప్పు అంచు నుంచి రొమ్ము పొంగితే కప్పు చిన్నది, బట్ట ముడతలు పడితే కప్పు పెద్దది లేదా దాని ఆకారం నప్పలేదు.

ఈ ఆకారం గురించి మరికొంత చెప్పాలి. రొమ్ములో కండరం ఉండదు. కొవ్వు, పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే కణజాలం ఉంటాయి. పాలు మాన్పించిన తరువాత గ్రంథులు కుదించుకుపోతాయి, ముట్లుడిగే వయసులో వాటి స్థానాన్ని క్రమంగా కొవ్వు ఆక్రమిస్తుంది, పై భాగం ఖాళీ అయినట్లు కనిపిస్తుంది. టేపు పాత కొలతనే చూపినా పాత బ్రా సరిపోకపోవడానికి కారణం ఇదే. ఇలాంటివారు ముందుకు వంగి నిలబడి రొమ్ముల మీది కొలత తీసుకుంటే సరిగా తెలుస్తుంది, పై అంచు తక్కువగా ఉండే కప్పులు బాగా నప్పుతాయి. గర్భిణులకు రొమ్ములే కాక పక్కటెముకల చుట్టుకొలత కూడా పెరుగుతుంది. కనుక నెలలు నిండే సమయంలో ఒకసారి, ప్రసవమై పాలు కుదురుకున్న కొన్ని వారాలకు మరొకసారి కొలుచుకోవాలి. పాలిచ్చే తల్లికి బిగుతైన బ్రా, నొక్కుకునే తీగ మంచివి కావు. ఆ ఒత్తిడికి పాలనాళం మూసుకుపోతే గడ్డకట్టి నొప్పి, వాపు వస్తాయి.

శస్త్రచికిత్స చేయించుకున్నవారి అవసరం వేరు. రొమ్ము తొలగించిన మొదటి వారాల్లో చెయ్యి పైకెత్తడం కష్టం కనుక ముందు హుక్కులున్న మెత్తటి బ్రా కావాలి. గాయం పూర్తిగా మానిన తరువాత, వైద్యుల అనుమతితో, లోపల జేబు ఉన్న బ్రాలో కృత్రిమ రొమ్మును అమర్చుకోవచ్చు. చూడడానికి మాత్రమే కాదు, రెండు వైపులా బరువు సమంగా ఉండడానికి కూడా అది సాయపడుతుంది. కొంత భాగమే తీసివేసినవారు పెద్దగా ఉన్న వైపుకు తగిన కప్పు తీసుకుని రెండో వైపు ప్యాడ్ పెట్టుకోవాలి. చేతికి వాపు వచ్చినవారు భుజంలోకి దిగే సన్నని స్ట్రాపులు మాని వెడల్పైనవి వాడాలి. ఆ వార్డులో స్త్రీలు మందుల గురించి అందరి ముందూ అడిగేవారు. దీని గురించి మాత్రం ఇంటికి వెళ్లే రోజున గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగేవారు. అంతటి బాధ పడి లేచిన మనిషి ఈ చిన్న సమాచారం కోసం సిగ్గుపడవలసి రావడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

బిగుతు బ్రా వల్ల క్యాన్సర్ వస్తుందన్న భయం కూడా బలంగా ఉంది. ముట్లుడిగిన స్త్రీలపై జరిపి 2014లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో బ్రా ధరించడానికీ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదు. అయితే ఒక రొమ్ము మాత్రమే కొద్దికాలంలో పెద్దదైనా, చర్మం లోపలికి గుంట పడినా, గడ్డ తగిలినా కొత్త సైజు వెతుక్కోవడం కాదు, వెంటనే వైద్యులను కలవాలి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సూచనల్లో వైద్యులు, నర్సులు ఈ విషయాన్ని చేర్చాలని, దుకాణాల వారు తలుపున్న గదిలో కొలత తీసుకుని వేసుకుని చూసే వీలు కల్పించాలని కోరుతున్నాను. మీరు కూడా కొలిచే పద్ధతిని బొమ్మలతో సహా ఆరోగ్య పేజీలో ప్రచురించాలని, అది మగవారు తిప్పేసే పేజీగా కాక ఇంటిల్లిపాదీ చదివే పేజీగా ఉండేలా చూడాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు