చండీగఢ్ కుర్చీలు కొన్నవారికి, మా మిగతా కస్టమర్లకి

నమస్కారం.

పోయిన దసరాకీ సంక్రాంతికీ మధ్య మా షాపులో నాలుగు టేకు కుర్చీలు అమ్మాం. బిల్లు మీద "చండీగఢ్ ఈజీ ఛైర్, 1950ల నాటిది" అని నేనే నా చేత్తో రాశాను. అంటే చండీగఢ్ కట్టినప్పుడు అక్కడి ప్రభుత్వ భవనాల కోసం చేయించిన కుర్చీలని అర్థం. అవి చండీగఢ్‌వి కావు, ఈమధ్య తయారైన నకళ్లు. కొన్న ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాను. అయినా మీ అందరికీ తెలియాలి. మీలో చాలామంది కుర్చీ వయసు విషయంలో నా మాట మీదే డబ్బు పెడుతున్నారు.

ఒకరింట్లో పిల్లవాడు ఎక్కి గెంతితే సీటు తెగి, ఆ కుర్చీ అల్లికకు వచ్చింది. మా మేస్త్రి పేము కోసి తీసేసి, ఫ్రేముని వెలుతురులో పట్టుకుని చూసి, "బాబూ, దీనికి ఇదే మొదటి అల్లిక" అన్నారు. డెబ్బై ఏళ్లు వాడిన కుర్చీకి ఒక్కసారైనా పేము మార్చకుండా ఉండరు. ఏళ్ల తరబడి పేము రాసుకుని బెజ్జాల అంచులు అరుగుతాయి, పాత పేము ముక్కలు లోపల ఇరుక్కుని ఉంటాయి. ఇందులో బెజ్జాలు నిన్న డ్రిల్లు పెట్టినట్టు పదునుగా ఉన్నాయి. లోపల చెక్క ఇంకా పసుపుపచ్చగా ఉంది. పైన కనిపించే ముదురు గోధుమ రంగు పూసిందే.

మిగతా మూడూ తెప్పించి పక్కపక్కన పెట్టి కొలిచాం. వెంట్రుకవాసి తేడా లేదు. అప్పుడు ఇక నాకు అనుమానం మిగల్లేదు. ఎందుకో చెబుతాను.

దేశ విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కి పోయాక పంజాబ్‌కి కొత్త రాజధాని కావలసి వచ్చింది. ఆ పని మీద 1951లో ఆర్కిటెక్ట్ లె కార్బుజియేతో పాటు ఆయన కజిన్, తనూ ఆర్కిటెక్టే అయిన పియర్ జానరే చండీగఢ్ వచ్చాడు. లె కార్బుజియే వచ్చి వెళ్తుండేవాడు, జానరే మాత్రం 1965 దాకా అక్కడే ఉండిపోయాడు. 1967లో చనిపోయాక, ఆయన కోరిక ప్రకారం అస్థికలు సుఖ్నా సరస్సులో కలిపారు. సచివాలయం, హైకోర్టు, యూనివర్సిటీ, ఇన్ని భవనాలకీ తక్కువ ఖర్చులో వేల కుర్చీలు కావాలి. జానరే బృందం, అందులో ఆర్కిటెక్ట్ ఊర్మిళా యూలీ చౌదరి కూడా ఉన్నారు, టేకునీ పేమునీ స్థానిక వడ్రంగుల పనితనాన్నీ నమ్ముకుంది. కాళ్లు తలకిందుల V ఆకారంలో, జామెట్రీ బాక్సులోని కంపాస్ విప్పి నిలబెట్టినట్టు ఉంటాయి. డ్రాయింగ్ ఒకటే అయినా పని వేరువేరు కార్ఖానాలకి వెళ్లింది. అందుకే అసలైనవి రెండు పక్కన పెడితే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. ఒకదాని చెయ్యి కాస్త లావుగా ఉంటుంది, ఇంకోదాని కాలు కాస్త ఎక్కువ వాలి ఉంటుంది. నాలుగు కుర్చీలు అచ్చుగుద్దినట్టు ఉన్నప్పుడే నేను ఆగి ఆలోచించాల్సింది.

నేను నమ్మింది కింద తెల్ల పెయింటుతో ఉన్న అక్షరాల్ని. ఆఫీసులు తమ కుర్చీల మీద శాఖ పేరు, నంబరు అలా వేసుకునేవి. తర్వాత అవి పాతబడి, మేడల మీదికీ స్టోర్ రూముల్లోకీ చేరి, తుక్కు కింద వేలానికి పోయాయి. విదేశీ వ్యాపారులు కొని, బాగుచేసి లక్షలకి అమ్మేసరికి నకళ్లూ మొదలయ్యాయి. పెయింటుతో నాలుగు అక్షరాలు వెయ్యడం ఎవరికైనా చేతనవుతుంది. ఈ వారసత్వ ఫర్నిచర్ అమ్మకాన్నీ ఎగుమతినీ ఆపమని 2011లో కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఇచ్చింది. నాకు అమ్మిన బ్రోకరు ఇవి అంతకుముందు వేలంలో పోయినవేనని అన్నాడు. వేలం కాగితం చూపించమని నేను అడగలేదు. తప్పు నాదే.

ఇద్దరు కలిపి మూడు కుర్చీలు వాపసు ఇచ్చారు. వారికి మొత్తం డబ్బు, రవాణా ఖర్చుతో సహా ఇచ్చేశాను. ఒకరు కుర్చీ నచ్చిందని ఉంచుకున్నారు. వారికి "కొత్త టేకు కుర్చీ, చండీగఢ్ నమూనా" అని బిల్లు మార్చి రాసి, తేడా సొమ్ము వెనక్కి ఇచ్చాను. ఇకమీదట చండీగఢ్ పేరుతో మా దగ్గర ఏ కుర్చీ ఉండదు.

ఈ దెబ్బతో గోదాములోని పదకొండు పడక కుర్చీలనీ తిరగేసి చూశాను. పొడుగు చేతుల కింద నుంచి రెండు పట్టీలు బయటికి తిరిగి, వాటి మీద కాళ్లు చాపుకునే రకం ఇవి. తెల్లవాళ్ల బంగళాల్లో, తోటల్లో ప్లాంటర్స్ ఛైర్ అనేవారు. పేము కాబట్టి కింద నుంచి గాలి ఆడుతుంది, వరండాకి అంతకన్నా ఏం కావాలి. మన గోదావరి జిల్లాల మండువా లోగిళ్లు పడగొట్టినప్పుడల్లా ఇవి మా దగ్గరికి వస్తాయి. "మా ముత్తాతగారిది, నూట యాభై ఏళ్లది" అంటారు. వాళ్లు ప్రేమగా చెప్పిన మాటే నేనూ ట్యాగు మీద రాసేవాణ్ణి. ఇప్పుడు చూస్తే నాలుగింటికి ప్లస్ గాడి స్క్రూలు ఉన్నాయి. స్క్రూలు తర్వాత మార్చారా అని విప్పి చూశాం, పాత బెజ్జాల జాడ లేదు. ప్లస్ గాడి స్క్రూకి అమెరికాలో పేటెంటు వచ్చిందే 1930లలో. ఆ కుర్చీలు ముత్తాతల కాలంవి కావు.

వందేళ్లనే మాటకి చట్టంలోనూ బరువుంది. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పనితనపు వస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి. మామూలు వ్యాపారి వాటిని దేశం దాటించకూడదు. నాకు ఆ లైసెన్సు లేదు. కాబట్టి అంత పాతదనిపించే కుర్చీ వస్తే నేను కొనను, అమ్మను, మీ ఇంటిదైతే బాగుచేసి ఇస్తాను. డల్లాస్, న్యూజెర్సీ నుంచి అడుగుతున్నవారికి కూడా ఇదే మాట. పురావస్తు శాఖ నుంచి "ఇది పురావస్తువు కాదు" అనే సర్టిఫికెట్ వస్తేనే పాత కుర్చీ పంపుతాను. ఆలస్యమవుతుంది, దయచేసి టెన్షన్ పడకండి.

ట్యాగుల మీద ఇకనుంచి కంటికి కనిపించేదే రాస్తాం. అతుకులకి చెక్క చీలలా, స్క్రూలా? బెజ్జాల్లోంచి చేత్తో అల్లిన పేమా, గాడిలో నొక్కిన మిషన్ పేమా? ఏ భాగం మేం మార్చాం? వయసు తెలియకపోతే "వయసు తెలియదు" అనే ఉంటుంది. ధర తగ్గినా సరే.

నకలు చెయ్యడం తప్పని నేను అనను. ఒక మిలిటరీ కుటుంబం వాళ్లు రూర్కీ కుర్చీ ఒకటి రిపేరుకి ఇచ్చారు. బ్రిటిష్ కాలంలో రూర్కీలోని సైనిక ఇంజనీర్ల దగ్గర పుట్టిన కుర్చీ అది. జిగురు లేదు, మేకు లేదు. కొస సన్నగా చెక్కిన కర్రలు కాళ్ల బెజ్జాల్లో దిగుతాయి, తోలు బెల్టులూ కాన్వాసూ బిగించి పట్టుకుంటాయి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగు కాళ్లూ ఆనతాయి, విప్పితే సంచిలో పడుతుంది. డెన్మార్క్‌లో కోర్ క్లింట్ అనే డిజైనర్ 1933లో చేసిన సఫారీ కుర్చీకి ఇదే మూలం. దాన్ని చూసి మా మేస్త్రి రెండు చేశారు. వాటి ట్యాగు మీద "ఈ ఏడాది మా షాపులో చేసినది" అని ఉంటుంది.

చేతి అల్లికకి ఇప్పుడు ఆరు వారాలు పడుతోంది, మేస్త్రి ఒక్కరే కాబట్టి. వాపసు వచ్చిన మూడు కుర్చీలూ అమ్మకానికి లేవు. పేము తీసేసి ముందు గదిలో తలకిందులుగా పెట్టాను. షాపుకి వచ్చినప్పుడు బెజ్జాల్లో వేలు పెట్టి చూడండి. పక్కనే మన పాత పడక కుర్చీ ఫ్రేము కూడా ఉంది, దాని బెజ్జాలూ తడిమి చూడండి.