మీ కేబుల్‌లో తప్పు లేదు: కొత్త బ్యాచ్ పెట్టెల గురించి

మీ ఫైళ్లకు నకళ్లు తీసి దాచే మా బ్యాకప్ పెట్టెలు వాడుతున్న వారందరికీ నమస్కారం.

కొన్ని వారాలుగా మీలో కొందరు ఒకే ఫిర్యాదు పంపుతూ వచ్చారు. కొత్త బ్యాచ్‌లోని పెట్టెకు నెట్‌వర్క్ కేబుల్ పెట్టగానే పోర్టు దగ్గర లైట్లు చక్కగా వెలుగుతున్నాయి గానీ, పెట్టె మాత్రం నెట్‌వర్క్‌లో ఎక్కడా కనిపించడం లేదన్నది దాని సారాంశం. అందరికీ నేను పంపిన జవాబు కూడా ఒక్కటే. కేబుల్ మార్చి చూడండి అన్నాను. ఆ జవాబు తప్పు. తప్పని తెలిసి ఆరు రోజులైంది. ఈ ఉత్తరం ఆలస్యం కావడానికి సగం కారణం మరమ్మతు పని, మిగతా సగం నా మొహమాటం.

కేబుల్ మీదికి నెట్టడానికి నాకు ఉన్న కారణం కూడా చెప్పుకోనివ్వండి. ఈథర్నెట్ కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఉంటాయి. 100 మెగాబిట్ల వేగానికి వాటిలో రెండు జతలు, అంటే నారింజ, ఆకుపచ్చ జతలు సరిపోతాయి; గిగాబిట్‌కు, అంటే 1000 మెగాబిట్ల వేగానికి, నీలం, గోధుమ రంగు జతలు కూడా కావాలి. వేగం ఎంత ఉండాలన్న బేరం మాత్రం నారింజ, ఆకుపచ్చ జతల మీదే జరుగుతుంది. కాబట్టి గోధుమ రంగు జత తెగిన కేబుల్‌లో కూడా రెండు చివరలూ గిగాబిట్‌కు ఒప్పందం కుదుర్చుకుంటాయి, ఆ తరువాత ఆ మాట నిలబెట్టుకోలేక లింకు పడుతూ లేస్తూ ఉంటుంది. పెట్టెకు రౌటర్ నుంచి చిరునామా అందకపోతే అది తనంతట తానే 169.254తో మొదలయ్యే చిరునామా ఒకటి పెట్టుకుంటుంది. మీరు పంపిన చిత్రాలన్నిటిలో ఆ అంకెలే కనిపించాయి. ఇన్నేళ్లలో నా దగ్గరికి వచ్చిన ఇలాంటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కేబుల్ మార్చడంతోనే తీరిపోయాయి. ఆ అలవాటే నన్ను పడగొట్టింది.

కళ్లు తెరిపించినది మన పాత వినియోగదారుల్లో ఒకరు. కొత్త పెట్టె ఆయన దగ్గర పని చేస్తూనే ఉంది, కాకపోతే కొంచెం నెమ్మదిగా ఉందని రాశారు. కేబుల్ తలుపు కింద నుంచి వెళుతున్నదనీ, ఒక చోట బాగా నలిగిపోయిందనీ కూడా రాశారు. ఇంకేముంది, మార్చెయ్యమన్నాను. ఆయన కొత్త కేబుల్ తెచ్చి పెట్టారు, ఆ క్షణం నుంచి పెట్టె మూగబోయింది. నలిగిన కేబుల్ మళ్లీ పెడితే పలికింది. ఈ పని మూడుసార్లు చేసి, మూడుసార్లూ అదే ఫలితం వచ్చిందని ఆయన ఏ విసుగూ లేకుండా రాసిన మెయిల్‌ను నేను కుర్చీలోంచి లేవకుండా నాలుగైదుసార్లు చదివాను. మంచి కేబుల్‌తో చెడి, చెడ్డ కేబుల్‌తో బాగుపడే యంత్రంలో జబ్బు కేబుల్‌ది కాదు.

కొన్ని నెట్‌వర్క్ చిప్‌లు గిగాబిట్ లింకు కోసం రెండు మూడుసార్లు ప్రయత్నించి, కుదరకపోతే వాటంతట అవే 100 మెగాబిట్లకు దిగిపోతాయి. ఆయన నలిగిన కేబుల్ చేసిన ఉపకారం అదే. అంటే మా కొత్త పెట్టె 100 వేగంలో ఆరోగ్యంగానే ఉంది, గిగాబిట్‌లోనే చెడుతోంది. మరి పంపే ముందు ప్రతి పెట్టెనూ గంటల తరబడి పరీక్షించే నాకు ఇది ఎందుకు కనిపించలేదు? నా పరీక్ష బల్ల మీద ఉన్న స్విచ్, అంటే నెట్‌వర్క్ కేబుళ్లను ఒక చోట కలిపే పరికరం, చాలా పాతది, దాని గరిష్ఠ వేగం 100 మెగాబిట్లు. గిగాబిట్ అని చెప్పి మీకు అమ్మిన పెట్టెను నేను ఒక్కసారి కూడా గిగాబిట్‌లో నడిపి చూడలేదు. పాత బోర్డులో ఆ పోర్టు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు కాబట్టి ఆ స్విచ్ మార్చాలన్న ఆలోచనే రాలేదు. ఈ ఉత్తరంలో రాయడానికి నాకు అన్నిటికంటే కష్టమైన వాక్యాలు ఇవే.

గిగాబిట్ స్విచ్ ఒకటి తెచ్చి పెట్టిన అయిదు నిమిషాల్లో జబ్బు నా ముందు ప్రత్యక్షమైంది. లింకు పరిస్థితి చూపే ఈథ్‌టూల్ అనే ప్రోగ్రామ్‌తో చూస్తే లింకు ఉంది, వేగం 1000, ఫుల్ డూప్లెక్స్ (అంటే రెండు వైపులా ఒకేసారి రాకపోకలు), అంతా సవ్యం. లెక్కల పట్టిక తెరిస్తే మాత్రం సరిగ్గా అందిన ప్యాకెట్ ఒక్కటీ లేదు, సీఆర్‌సీ తప్పుల, అంటే దారిలో చెడిపోయిన ప్యాకెట్ల, అంకె నా కళ్ల ముందే పెరుగుతోంది. కెర్నెల్ లాగ్‌లో, అంటే పెట్టెను నడిపే మూల ప్రోగ్రామ్ రాసుకునే చిట్టాలో, పాత పెట్టెల్లో చిప్ పేరు కనిపించే వరుసలో, ఇప్పుడు ‘జెనరిక్ ఫై’ అని మాత్రమే ఉంది. ఫై అంటే వైఫైలోని ఫై కాదు. కేబుల్ మీది సంకేతాలను అంకెలుగా మార్చి ప్రాసెసర్‌కు అందించే చిప్‌కు ఆ పేరు. ‘జెనరిక్’ అన్నదంటే ఆ చిప్ ఏదో కెర్నెల్‌కు తెలియదు, అందరికీ వర్తించే మామూలు పద్ధతిలో నడిపిస్తోందని అర్థం. పెట్టె విప్పి, భూతద్దం పెట్టి, పాత బోర్డునూ కొత్త బోర్డునూ పక్కపక్కన చూశాను. బోర్డు మీద అచ్చయిన వెర్షన్ నంబరు రెండింటిలోనూ ఒక్కటే. పోర్టు వెనుక ఉన్న చిన్న నల్లని చిప్ మాత్రం వేరే కంపెనీది.

బోర్డులు సరఫరా చేసే సంస్థ ఈ మార్పు గురించి నాకు ఒక్క ముక్క చెప్పలేదు. అడిగితే, రెండు చిప్‌లకూ కాళ్ల అమరిక ఒకటే కాబట్టి దాన్ని మార్పుగా లెక్కించలేదన్నారు. కాళ్లు ఒకే చోట ఉన్నంత మాత్రాన నడక ఒకటవుతుందా? ఫై చిప్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఆర్‌జీఎంఐఐ అనే దారి ఉంటుంది. నాలుగు తీగల మీద, 125 మెగాహెర్ట్జ్ గడియారపు రెండు అంచుల మీదా సమాచారం నడిస్తేనే గిగాబిట్ అవుతుంది. అంటే ఒక్కొక్క బిట్టు తీగ మీద నిలిచేది 4 నానోసెకండ్లు. గడియారపు అంచు సరిగ్గా ఆ నాలుగింటి మధ్యన పడాలంటే దాన్ని 2 నానోసెకండ్లు ఆలస్యం చెయ్యాలి. ఆ ఆలస్యాన్ని ప్రాసెసర్ చేర్చవచ్చు, ఫై చిప్ చేర్చవచ్చు, ఎవరో ఒక్కరే చేర్చాలి. పాత బోర్డులో ప్రాసెసర్ చేర్చేది. కొత్త చిప్ కరెంటు తగలగానే తన వంతుగా మరో 2 నానోసెకండ్లు చేరుస్తుంది. రెండూ కలిసి నాలుగయ్యేసరికి గడియారపు అంచు పోయి పోయి బిట్టు మారే క్షణం మీదే పడుతోంది. 100 వేగంలో గడియారం 25 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒక్కొక్క చుట్టు 40 నానోసెకండ్లు; ఆ తీరికలో రెండు నానోసెకండ్ల తేడాను ఎవరూ పట్టించుకోరు. లైట్లు మాత్రం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి, ఎందుకంటే అవి కేబుల్‌కు అటూ ఇటూ ఉన్న చిప్‌ల మధ్య పొత్తు కుదిరిందని మాత్రమే చెబుతాయి. గుమ్మం దాకా వచ్చిన ఉత్తరం లోపలికి చేరిందో లేదో వాటికి తెలియదు.

చిప్ మార్చడం తప్పని నేను అనడం లేదు. విడిభాగాలు దొరకని రోజులు వస్తాయి, ఎవరైనా ప్రత్యామ్నాయం వెతుక్కుంటారు. వెర్షన్ నంబరులో ఒక్క అంకె పెంచి ఉంటే నేను ఒక పూట కూర్చుని సరిచేసుకునేవాడిని, మీలో ఎవరికీ ఈ సంగతే తెలిసేది కాదు. ఆ అంకె పెంచితే పాత సరుకు వేరు, కొత్త సరుకు వేరు అని లెక్క రాసుకోవలసి వస్తుంది కాబట్టి పెంచలేదని నా అనుమానం. సగం డబ్బు తిరిగి ఇస్తామన్నారు. వద్దన్నాను. ఇది వ్యాపారం తెలిసినవాడు ఇచ్చే జవాబు కాదని మా ఇంట్లోవాళ్లు అన్నారు, నిజమే కావచ్చు. ఆ డబ్బు తీసుకుంటే మళ్లీ వాళ్ల దగ్గరే కొనవలసి వస్తుందేమోనని నా భయం. ఇక కొనను.

ఇక నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వని నిర్ణయం. కొత్త పెట్టెలు గిగాబిట్ అన్న మాటే ఎత్తకుండా 100 మెగాబిట్లతోనే లింకు కలుపుకునేలా చేస్తే సమస్య ఆ రాత్రే తీరిపోయేది. ఒక్క వరుస పని. కానీ 100 మెగాబిట్లంటే సెకనుకు 12.5 మెగాబైట్లు మించదు, చేతికి అందేది 11 దాకా. 50 గిగాబైట్ల బ్యాకప్ గిగాబిట్‌లో ఏడెనిమిది నిమిషాల పని, ఇక్కడ గంటంబావు పడుతుంది. గిగాబిట్ అని రాసి అమ్మి, చాటుగా పదో వంతుకు దించడం నాకు మింగుడు పడలేదు. రెండవ దారి, ప్రాసెసర్ చేర్చే ఆలస్యాన్ని తీసేయడం. అది కొత్త పెట్టెలను బాగు చేస్తుంది, కానీ అదే అప్‌డేట్ పాత పెట్టెలకు వెళితే అక్కడ ఆలస్యం చేర్చేవారే లేక, ఇన్నాళ్లూ నిక్షేపంగా నడుస్తున్నవి కూడా మూగబోతాయి. మూడవది, ఆ చిప్ తెలిసిన కొత్త కెర్నెల్‌ను అందరికీ పంపడం. ఒక్క పోర్టు కోసం మీ అందరి యంత్రాల్లోనూ అంత పెద్ద మార్పు చేసే ధైర్యం నాకు లేదు.

చివరికి రెండవ దారినే, ఒక కాపలా పెట్టి, ఎంచుకున్నాను. ప్రతి ఫై చిప్ తన గుర్తింపు సంఖ్యను రెండవ, మూడవ రిజిస్టర్లలో ఉంచుతుంది. ఇక మీదట పెట్టె లేచేటప్పుడు కెర్నెల్‌ను లేపే బూట్‌లోడర్ ముందుగా ఆ సంఖ్య చదివి, పాత చిప్ అయితే పాత డివైస్ ట్రీని (బోర్డు మీది భాగాలను ఎలా నడపాలో కెర్నెల్‌కు చెప్పే పట్టిక అది), కొత్తదయితే కొత్త డివైస్ ట్రీని ఎత్తుకుంటుంది. ఇది రాయడానికి ఒక రోజు, రెండు రకాల పెట్టెల మీద గిగాబిట్‌లోనూ 100లోనూ పరీక్షించడానికి నాలుగు రోజులు పట్టింది. ఈలోగా వేగం తగ్గించయినా పంపవచ్చు కదా అని ఇద్దరు కోప్పడ్డారు. సగం మరమ్మతు పంపనందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. అయితే మధ్యలో ఒక పాత 100 మెగాబిట్ల స్విచ్ పెడితే పెట్టె ఆ రోజే పని చేస్తుందన్న మాట మొదటి రోజే మీకు చెప్పి ఉండవలసింది. అది చెబితే నా పరీక్ష బల్ల సంగతి కూడా చెప్పవలసి వస్తుందని వెనుకాడాను. అందుకు క్షమించండి.

చెడింది నెట్‌వర్క్ పోర్టే కాబట్టి నెట్‌వర్క్ మీద అప్‌డేట్ పంపితే అది అవసరమైన పెట్టెకే అందదు. ఇంట్లోనో ఆఫీసులోనో పాత స్విచ్ గానీ రౌటర్ గానీ ఉంటే పెట్టెను దానికి కలిపి ఒక రాత్రి వదిలెయ్యండి. అప్‌డేట్ దానంతట అదే దిగి, పెట్టె ఒకసారి ఆగి లేస్తుంది. ఆ తరువాత మీ మామూలు పోర్టుకు మార్చవచ్చు. అలాంటిది లేనివారు నాకు రాస్తే సిద్ధం చేసిన మెమరీ కార్డు పంపుతాను, పాత కార్డు తీసి అది పెడితే చాలు. మీ బ్యాకప్‌లు ఉన్నది డిస్కులో, కార్డులో కాదు. వాటికి ఏమీ కాదు. అసలు పెట్టె వద్దు, డబ్బు తిరిగి కావాలి అనేవారికి ప్రశ్నలు అడగకుండా ఇస్తాను. పాత బ్యాచ్ వారు చెయ్యవలసింది ఏమీ లేదు.

ఒక మనవి. మీలో ఒకరిద్దరు కీబోర్డూ స్క్రీనూ తగిలించి, వేగాన్ని 100 ఫుల్ డూప్లెక్స్‌కు బలవంతంగా బిగించి, ఆటో నెగోషియేషన్, అంటే పైన చెప్పిన వేగం బేరం, ఆపేశారని తెలిసింది. దయచేసి దాన్ని తీసెయ్యండి. ఒక చివర బేరం మానేస్తే రెండవ చివర వేగాన్ని పసిగట్టగలదు గానీ డూప్లెక్స్‌ను పసిగట్టలేక హాఫ్, అంటే ఒకసారికి ఒక వైపే రాకపోకలు, అనుకుంటుంది. అప్పుడు ‘ఉన్నావా’ అని అడిగే చిన్న పింగ్‌కు జవాబు వస్తుంది, పెద్ద ఫైలు పంపితే మాత్రం నత్తనడక నడుస్తుంది. దాన్ని చూసి మళ్లీ మరమ్మతు పని చెయ్యలేదనుకుంటారు.

ఈ గొడవంతా ఎందుకు, వైఫై పెట్టెయ్యవచ్చు కదా అని చాలామంది అడిగారు. పెట్టను. రాత్రంతా కదలకుండా ఒక మూల కూర్చుని మీ ఫైళ్లు దాచే యంత్రానికి తీగే తగినది, ఒక చిప్ మోసం చేసిందని ఆ అభిప్రాయం మార్చుకోను. పరీక్ష బల్ల మీద ఇప్పుడు రెండు స్విచ్‌లు ఉన్నాయి. పాతదాన్ని పారెయ్యలేదు, తిరిగి వచ్చిన పెట్టెలకు అప్‌డేట్ దించుతున్నది అదే.

నలిగిన కేబుల్ ఉన్న ఆయనకు అందరికంటే ముందు కార్డు పంపబోతే అక్కర్లేదన్నారు. నేను మార్చెయ్యమన్న కేబుల్‌ను ఆయన పారెయ్యలేదట. అప్‌డేట్‌ను నిన్న రాత్రి దానితోనే దించుకుని, పొద్దున కొత్త కేబుల్ పెట్టి, వేగం 1000 అని చూపుతున్న స్క్రీన్ చిత్రం పంపారు.