కొత్త వార్మర్ల కన్నా ముందు నర్సులను ఇవ్వండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నవజాత శిశువుల వార్డులో చాలా ఏళ్లుగా డ్యూటీ చేస్తున్న నర్సుని. నెలలు నిండకుండా పుట్టి, కిలో, కిలోంబావు బరువున్న పిల్లలు మా చేతుల్లోకి వస్తారు. వాళ్లను వెచ్చగా ఉంచే యంత్రమే వార్మర్. వాళ్లలో కొందరు పోయేది పుట్టుకతో వచ్చిన జబ్బుతో కాదు, మా వార్డులో అంటుకున్న ఇన్ఫెక్షన్‌తో. ఈ మాట రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

ఒక రాత్రి డ్యూటీ లెక్క చెబుతాను. పది మంది పిల్లలకు నేనొక్కదాన్నే. రెండు గంటలకోసారి ట్యూబులో పాలు పట్టాలి. పన్నెండు గంటల్లో 60 సార్లు. బేబీని ముట్టుకునే ముందు ఒకసారి, ముట్టుకున్నాక ఒకసారి శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు చేతులు రుద్దుకోవాలి. ఒక్క పాలు పట్టడానికే 120 సార్లు, తక్కువలో తక్కువ 40 నిమిషాలు. డైపర్లు, ఇంజెక్షన్లు, సెలైన్లు ఇందులో కలపలేదు. ఇంతలో ఒక బేబీకి ఊపిరి ఆగి మానిటర్ మోగుతుంది. అప్పుడు చేతులు రుద్దుకున్నాకే పరుగెత్తానని ఒట్టేసి చెప్పలేను. ఇన్ఫెక్షన్ వస్తే మాత్రం మెమో నర్సుకే.

చేతులు కడుక్కుంటే బాలింతల ప్రాణాలు నిలుస్తాయని సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ 1847లోనే వియన్నాలో చూపించాడు. కాబట్టి గోడకి ఇంకో పోస్టర్ అంటించినంత మాత్రాన మాకు కొత్తగా తెలిసేదేమీ లేదు. కావాల్సింది మనుషులు, ప్రతి మంచం దగ్గరా చేతికందే శానిటైజర్, ఎప్పుడూ నీళ్లొచ్చే కుళాయి.

ఈ పిల్లల లెక్క వేరు. తల్లి నుంచి రక్షణనిచ్చే యాంటీబాడీలు ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే బిడ్డకు చేరతాయి. వీళ్లు ఆ లోపే పుట్టేశారు. చర్మం ఎంత పల్చనంటే, ప్లాస్టర్ తీస్తుంటే దాంతోపాటే ఊడొస్తుంది. మందు ఎక్కించడానికి నరంలో గుచ్చిన ప్రతి కాన్యులా గొట్టం క్రిములకు ఒక దారే. రోజూ రౌండ్స్‌లో "ఈ లైన్ (గొట్టం) ఇంకా అవసరమా?" అని అడిగి, అక్కర్లేనిది తీసేయడానికి పైసా ఖర్చు లేదు. ఒంట్లో ఏ క్రిమి ఉందో చెప్పే కల్చర్ రిపోర్టు వేళకి వస్తే అనవసరమైన యాంటీబయాటిక్స్ కూడా ఆపేయొచ్చు. రిపోర్టు రాక, ఆపే ధైర్యం చాలక, మందు అలా సాగుతూనే ఉంటుంది.

ఇక తల్లి సంగతి. ఇన్ఫెక్షన్ భయమంటూ ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెడతాం. ఎక్స్‌రే వాళ్లు, రిపేరు వాళ్లు, తనిఖీకి వచ్చినవాళ్లు మాత్రం లోపలే తిరుగుతుంటారు! ఇంక్యుబేటర్లు చాలక 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో డాక్టర్లు బిడ్డల్ని తల్లుల గుండెల మీద కట్టారు. పుట్టిన వెంటనే ఇలా కంగారూ సంరక్షణ మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల మరణాలు నాలుగో వంతు తగ్గాయని మన దేశంతో సహా ఐదు దేశాల్లో చేసిన పరిశోధన 2021లో తేల్చింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే సిఫారసు చేసింది. తల్లి ఒంటి వెచ్చదనం, ఆమె పాలు బిడ్డకు వార్డులోనే అందాలి. అందుకు వార్మర్ పక్కన ఆమెకో మంచం కావాలి.

కొత్త యూనిట్ ప్రారంభించినప్పుడు మీరు యంత్రాలు లెక్కపెట్టి వెళ్లారు. ఈసారి ముందు చెప్పకుండా, కెమెరాలు లేకుండా, రాత్రి రెండింటికి రండి. గడియారం, ఉంగరాలు బయటే తీసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చి, నర్సులను లెక్కపెట్టండి.

ఇట్లు,
రాత్రి డ్యూటీలో ఉన్న ఒక నర్సు