కాకా, ఆ రోజు నా చెయ్యి పట్టుకున్నందుకు

మడికొండలో మాది చిన్న మిర్చి సాస్ యూనిట్. నలుగురం పనిచేస్తాం. పోయిన నెల ఒక మధ్యాహ్నం జరిగింది చెప్పి, ఒక పెద్దమనిషికి అందరి ముందు దండం పెట్టుకోవాలని ఇది రాస్తున్నా.

ఉడికిన సాస్‌ను ఫిల్లింగ్ ట్యాంకులోకి తోడడానికి మా దగ్గర గాలితో నడిచే స్టీల్ పంపు ఉంది. సెకండ్ హ్యాండ్‌ది, మాన్యువల్ లేకుండానే వచ్చింది. లోపల రెండు డయాఫ్రంలు, అంటే ముందుకూ వెనక్కూ వంగే పొరలు. కంప్రెసర్ గాలి ఒకదాన్ని తోస్తుంటే రెండోది సాస్‌ను లోపలికి గుంజుకుంటుంది, మళ్లీ అటుది ఇటు. కరెంటు మోటారు లేదు, షాక్ కొట్టదు, ఇంకేం భయం అనుకున్నాం.

ఆ రోజు నడుస్తున్న పంపు టక్కున ఆగింది. చెడిపోయిందనుకుని, సాస్ బయటికి పోయే డెలివరీ పైపును పట్టి ఉంచే క్లాంప్ నట్టు మీద చెయ్యి వేశాను. అప్పుడే సాస్ సీసా కోసం వచ్చిన మా పక్కింటి కాక "ఆగు బిడ్డా!" అని నా మణికట్టు పట్టుకున్నాడు.

కాక కాజీపేట డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. రైలు బ్రేకు పైపులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడి ఉండే గాలితో బతుకంతా గడిపిన మనిషి. ముందు ట్యాంకు దగ్గరికి పోయి చూశాడు. మా పిల్లగాడు డ్రమ్ము మార్చడానికి అక్కడి వాల్వ్ మూసి మర్చిపోయాడు. "పంపు ఖరాబ్ కాలే, బయటికి తొవ్వ లేక నిలబడ్డది. గాలి ఎంతుందో లోపల సాస్ కూడా అంతే ఒత్తిడి మీద ఉన్నది" అన్నాడు. గాలి ఒత్తిడిని సెట్ చేసే రెగ్యులేటర్ 5 బార్ మీద ఉంది, అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు 5 కిలోలు. మా రెండించుల పైపు నోటి మీద అది దాదాపు 90-100 కిలోల తోపు అని లెక్కగట్టి చూపించాడు. అంటే రెండు మిర్చి బస్తాల బరువు. పైగా అది పొయ్యి మీది నుంచి అప్పుడే దింపిన సాస్. నా మొహం క్లాంప్‌కు జానెడు దూరంలో ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

విప్పే పద్ధతి ఆయనే దగ్గరుండి చేయించాడు. ముందు గాలి వాల్వ్ మూయాలి. అది మూస్తే సరిపోదు, వాల్వ్‌కూ పంపుకూ మధ్య మిగిలిన గాలి కూడా పోవాలి. మా మామూలు వాల్వ్ తీయించి, మూయగానే ఆ గాలిని వదిలేసే రంధ్రమున్నది పెట్టించాడు. తర్వాత డెలివరీని టబ్బులోకి మెల్లగా తెరిచి సాస్ కార్చేయాలి. క్లాంప్ చివరికి, అదీ కళ్లద్దాలు పెట్టుకుని.

ఇంకో తప్పు కూడా పట్టుకున్నాడు. చప్పుడు తగ్గించే సైలెన్సర్‌కు మంచు పడుతోందని మేం దాన్ని పీకి పక్కన పెట్టాం. బయటికొచ్చే గాలి వ్యాకోచించి చల్లబడుతుంది, గాలిలో తేమ ఉంటే మంచు పట్టక ఏం చేస్తుంది! కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదలమన్నాడు, సైలెన్సర్ మళ్లీ బిగించాడు. దాంట్లోంచి ఎప్పుడైనా ఎర్రగా సాస్ వచ్చిందంటే డయాఫ్రం చినిగినట్టే, ఆ క్షణమే ఆపాలి. సాస్ అయిపోయాక ఖాళీగా కొట్టనివ్వొద్దు, స్పీడు పెరిగి అవే డయాఫ్రంలు తెగుతాయి. పొద్దున రెగ్యులేటర్ సున్నాలో పెట్టి, కొద్దికొద్దిగా పెంచమన్నాడు. గాలి పైపుతో బట్టల మీది దుమ్ము దులుపుకునే మా వాళ్లకైతే తిట్లే పడ్డాయి.

స్టాటిక్ కరెంటు పేరుకోకుండా పంపుకు ఎర్త్ తీగ కట్టి పైసలు వద్దన్న పక్క షెడ్డు వెల్డర్ అన్నకు థ్యాంక్స్. అదే పంపుతో ఆవకాయ నూనె తోడదామనుకుంటే, మా డయాఫ్రంలు ఈపీడీఎం రబ్బరువి, నూనెకు ఉబ్బుతాయి, టెఫ్లాన్‌వి వేయమని ఫోన్‌లో ఆపిన స్పేర్ పార్ట్స్ అన్నకు కూడా. అవి పాడయ్యాక కొత్తవి అమ్ముకోవచ్చు కదా, అయినా ముందే నష్టం చెప్పాడు.

కాకకు ఫేస్‌బుక్ లేదు, ఆయన బిడ్డ చదివి వినిపిస్తానంది. ఎంత ఇవ్వబోయినా తీసుకోలేదు. రెండు సీసాలు పట్టుకుపోయి, సాయంత్రం ఫోన్ చేసి "ఉప్పు జర ఎక్కువైంది బిడ్డా" అన్నాడు. తగ్గించాం కాకా.