ఒరేయ్ ఇన్‌స్పెక్టరూ, నిజంగానే సాక్ష్యం చెప్పొచ్చాను

ఒరేయ్ ఇన్‌స్పెక్టరూ,

నీ ఉత్తరాలు రెండూ నా బల్ల మీదే ఉన్నాయి. రోజూ చూస్తూనే ఉన్నా, కూర్చుని రాయడానికే కుదరలేదు. క్షమించరా. సర్వే పనితో మూడు నెలలుగా ఊపిరి సలపడం లేదు. అమ్మ మోకాళ్లు కాస్త నయం. పెద్దదాని పరీక్షలు అయిపోయాయి, బాగానే రాశానంటోంది. అందరం క్షేమం. మిగతావి తర్వాతి ఉత్తరంలో.

అసలు సంగతి విను. నిన్న నేను సెషన్స్ కోర్టులో బోనెక్కాను. హత్య కేసు. చిన్నప్పుడు మన ఆటలో నువ్వెప్పుడూ ఇన్‌స్పెక్టర్‌వి, నేనెప్పుడూ సాక్షిని కదా, అలాగే అయింది చివరికి. రాత్రంతా నిద్ర లేదు. ఇంట్లో చెబితే భయపడతారు, ఆఫీసులో చెబితే ఊరంతా పాకుతుంది. చెప్పుకోవాల్సింది నీకే.

రెండేళ్ల కిందటి మాట. తెల్లవారుజామున సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దగ్గర్నుంచి కబురు: మధ్యవర్తిగా రావాలని. వీఆర్వో ఉద్యోగంలో ఇది మామూలే. పోలీసులు ఏదైనా స్వాధీనం చేసుకునేటప్పుడు పక్కన ఇద్దరు పోలీసులు కానివాళ్లు ఉండి, చూసింది చూసినట్టు రాసిన నివేదిక మీద సంతకం పెట్టాలి. నేనూ, మా సహాయకుడూ వెళ్లాం. స్టేషన్‌లో గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు ముద్దాయి. పాతికేళ్లుంటాయేమో. గట్టు తగాదా దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడురా. కాలవ మీద కాపు కాయడం, ఎదురుపడటం, మాట మాట పెరగడం. "నేనే పొడిచాను సార్" అన్నాడు. ఈ చెవులతో విన్నాను. ఆ తర్వాత, "కత్తి మా పెదనాన్న గడ్డివామిలో దాచాను, నాతో వస్తే చూపిస్తాను" అన్నాడు. రైటర్ కానిస్టేబుల్ రాసుకుంటూ పోయాడు.

జీపులో వెళ్లాం. ముందు రాత్రి వాన పడింది, దారంతా బురద. అతను తిన్నగా వామి దగ్గరికి నడిచి, తూర్పు వైపు వంగి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, గోనె ముక్కలో చుట్టిన కత్తి తీశాడు. ఇన్‌స్పెక్టర్ కొలత వేశాడు, పిడి మీది మరకలు రాయించాడు. గుడ్డలో పెట్టి, దారం చుట్టి, కరిగిన లక్క పోసి సీలు వేశాడు. మా సంతకాల చీటీలు అంటించారు. ఆ లక్క వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది.

ఇక్కడే ఉందిరా నన్ను తినేసిన సంగతి. అతని చొక్కా చెయ్యికి తడిగడ్డి అంటుకుంది. ఆ గోనె ముక్క మాత్రం పొడిగా ఉంది. విప్పితే దుమ్ము రేగింది! నాలుగు రోజులుగా అక్కడే ఉందన్న కత్తి, రాత్రి వాన, పొడి గోనె. నివేదికలో ఆ మాట లేదు. సంతకం పెట్టి వచ్చేశాను. రెండేళ్లు... ఒక్కోసారి అర్ధరాత్రి లేచి కూర్చునేవాణ్ణి. ఆ పొద్దున ఎవరైనా తెచ్చి పెట్టారా? లేదు, నేనే ఏదో ఊహించుకుంటున్నానా? అతను నేనే పొడిచానన్నాడు కదా, మరి నాకెందుకీ బాధ?

సరే, నిన్నటికి వస్తాను. బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలిచాడు. నేను పి.డబ్ల్యూ.9, అంటే ప్రాసిక్యూషన్ తరఫు తొమ్మిదో సాక్షిని. ప్రమాణం చేశాను. పీపీ గారు, అదే ప్రభుత్వం తరఫు లాయరు, అడుగుతుంటే వరస తప్పకుండా చెప్పుకొస్తున్నాను. "ముద్దాయి మా ఎదుట, నేనే పొడిచానని..." అన్నానో లేదో డిఫెన్సు లాయరు లేచి నిలబడ్డాడు. జడ్జి గారు చెయ్యెత్తి, "ఆ భాగం వద్దండీ" అన్నారు నెమ్మదిగా. మూడు పేజీల వాంగ్మూలంలోంచి రెండు మాటలు మాత్రమే ఎగ్జిబిట్‌గా మార్కు చేశారు: దాచాను, వస్తే చూపిస్తాను. అంతే! మిగిలిందంతా అక్కడ లేనట్టే. నాకు కోపం వచ్చిందిరా. నా చెవులతో విన్న మాట కోర్టు వినదా?

మధ్యాహ్నం విరామంలో వరండాలో ఒక పెద్ద లాయరు గారు నా మొహం చూసి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఈ కేసుతో ఆయనకి సంబంధం లేదు. 1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో 25వ సెక్షన్ ప్రకారం పోలీసు ముందు ఒప్పుకున్నది చెల్లదట. 26 ప్రకారం, పోలీసు కస్టడీలో ఉండగా మేజిస్ట్రేటు ఎదుట తప్ప ఇంకెవరి ముందు ఒప్పుకున్నా చెల్లదట. 27 మాత్రం ఒక చిన్న కిటికీ: అతను చెప్పినదాని వల్ల ఏదైనా బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకే సాక్ష్యం. దాని బదులు వచ్చిన కొత్త చట్టం, భారతీయ సాక్ష్య అధినియమ్‌లో, ఈ మూడూ 23వ సెక్షన్‌లోకి చేరాయి.

"ఇదంతా గట్టిగా తేల్చింది ఏ కేసో తెలుసా? మన గుంటూరు జిల్లా కేసే" అన్నారు. పులుకూరి కోటయ్య కేసు. వర్గ కక్షల్లో ఇద్దర్ని కొట్టి చంపారు. కేసు సెషన్స్ కోర్టు, మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా, అంటే అప్పట్లో మనకి అన్నిటికంటే పై కోర్టు దాకా పోయింది. 1947 నాటి లా రిపోర్టుల్లో అచ్చయింది. అందులో ఒక ముద్దాయి పోలీసులకి ఏం చెప్పాడో తెలుసా? అందరం కలిసి కొట్టి చంపాం, బల్లెం, నా కర్ర ఫలానావారి గడ్డివామిలో దాచాను, మీరొస్తే చూపిస్తాను. గడ్డివామేరా! నా ఒళ్లు జలదరించింది. ప్రివీ కౌన్సిల్ ఆ దాచిన మాట, చూపిస్తానన్న మాట ఉంచి, కొట్టి చంపామన్నదంతా కొట్టేసింది. ఆ మాటల్ని పక్కన పెట్టి మిగతా సాక్ష్యం సరిపోతుందో లేదో చూడమని కేసుని హైకోర్టుకి తిప్పి పంపింది.

ఎందుకలాగో కూడా ఆ లాయరు గారే చెప్పారు. కత్తి అనే వస్తువుని ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు కదా. బయటపడింది ఏమిటంటే, అది ఫలానా చోట ఉందని ఇతనికి తెలుసు అన్న సంగతి. దాంతోనే పొడిచాడా లేదా అన్నది డాక్టరు చెప్పాలి, రక్తం పరీక్ష చెప్పాలి, చూసినవాళ్లు చెప్పాలి. ఒక వస్తువు దొరికిందని మొత్తం ఒప్పుకోలుని లోపలికి రానిస్తే, ఎలాగోలా ఒప్పించి ఒక వస్తువు జత చేస్తే సరిపోతుందిగా! ఆయన ఈ మాట అంటుంటే నాకు మన ఎర్ర పెన్సిల్ కేసు కళ్ల ముందుకొచ్చింది. నువ్వు చక్కిలిగిలి పెట్టావు, చిన్నాడు ఒప్పుకున్నాడు. పెన్సిల్ ఎక్కడ దొరికిందో మనిద్దరికే తెలుసు. వాడు ఎంత ఏడ్చాడో కూడా. అక్కడితో నా కోపం పోయింది.

విరామం అయ్యాక క్రాస్ ఎగ్జామినేషన్, డిఫెన్సు లాయరు ప్రశ్నలు. ఎన్ని కేసుల్లో మధ్యవర్తిగా ఉన్నారు? పోలీసులు పిలిచినప్పుడల్లా వెళ్తారా? వామి చుట్టూ కంచె ఉందా? ఎవరైనా అక్కడికి రావచ్చా? రావచ్చు అన్నాను. "మీరు స్టేషన్‌లోనే కూర్చుని సంతకం పెట్టారని నేనంటాను" అన్నాడాయన. నిజం కాదు అన్నాను. ముందు రాత్రి వాన పడిందా? పడింది. అంతే, ఆయన కూర్చున్నారు. నా గుండె కొట్టుకుంటోందిరా. ఇంకొక్క ప్రశ్న, ఒక్కటి అడగొచ్చు కదా అని.

జడ్జి గారు కలం కింద పెట్టారు. "వాన పడిందన్నారు. గోనె ఎలా ఉంది?"

"పొడిగా ఉందండీ. దుమ్ము రేగింది."

కోర్టు హాలులో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. టైపిస్టు ఆ వాక్యం కొట్టడం విన్నాను. రెండేళ్ల బరువు దిగినట్టయింది, కళ్లు చెమర్చాయి. అప్పుడు పీపీ గారు అనుమతి తీసుకుని లేచారు. "ఎంత లోతు నుంచి తీశాడు?" మోచేతి దాకా. "వాన పడితే వామి లోపలిదాకా తడుస్తుందా?" నువ్వే చెప్పు, మనం వాములెక్కి పెరిగినవాళ్లం. జానెడు కూడా తడవదు. తడవదు అన్నాను. నా రెండేళ్ల అనుమానం అక్కడే కూలిపోయింది. అంతలో డిఫెన్సు ఆయన మళ్లీ లేచి, "మీరు చెయ్యి పెట్టి చూశారా, లోపల గడ్డి తడిగా ఉందో పొడిగా ఉందో?"

లేదు. చూడలేదు.

అదేరా, రాత్రి నుంచీ అదే. అతని వెనక ఒక్కసారి నా చెయ్యి దూర్చి ఉంటే! ఒక మనిషి జీవితాంతం జైల్లో ఉండాలా, ఇంటికెళ్లాలా అన్నదానికి అది ఎంత దగ్గరగా... బోను దిగుతుంటే అతను నా వైపు చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు అర్థం కాలేదు. కృతజ్ఞతా? కోపమా? చనిపోయినవాడి తల్లి కూడా వెనక బెంచీ మీద ఉంది. ఆవిడ వైపు నేను చూడలేకపోయాను.

ఇంకా డాక్టరు, ఇన్‌స్పెక్టరు మిగిలారు. వచ్చే వాయిదాకి సెలవు పెట్టి వెనక కూర్చుని వింటాను. ఇన్‌స్పెక్టర్‌ని గోనె గురించి అడిగితే ఆయన ఏమంటాడో, నాకైతే... ఆగు, ఆర్.ఐ. గారి ఫోను. చెరువు గట్టు కొలతలకి ఇప్పుడే రమ్మంటున్నారు, జీపు కింద ఉంది. ఇంకా బోలెడు ఉంది, ఆ తల్లి సంగతి రాయనేలేదు. ఇది ఇలాగే పోస్టులో వేస్తున్నా. వెంటనే రాయి.

నీ సాక్షి