కొరియా 77(5) లాంటి నిబంధన మనకూ కావాలి

సంపాదకులకు,

2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియాలో మార్షల్ లా (సైనిక పాలన) ఎందుకు నిలవలేదని అడిగితే, జనం సియోల్‌లో పార్లమెంటు గేట్ల దగ్గర సైన్యాన్ని అడ్డుకున్నారనే జవాబు ఎక్కువగా వినిపిస్తుంది. జనం అడ్డం నిలవడం వల్లే చాలామంది ఎంపీలు లోపలికి వెళ్లగలిగారు, నిజమే. అయితే లోపలికి వెళ్లాక వాళ్లు ఏ అధికారంతో దాన్ని రద్దు చేయించారన్నది అంతకన్నా ముఖ్యం.

ఆ అధికారం కొరియా రాజ్యాంగం 77వ అధికరణ 5వ క్లాజులో ఉంది. మొత్తం సభ్యుల్లో సగానికి మించి కోరితే అధ్యక్షుడు మార్షల్ లా ఎత్తివేసి తీరాలి. 300 మంది సభలో 151 ఓట్లు చాలు. అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ రాత్రి 10:27కు ప్రకటన చేశారు. ఒంటిగంటకల్లా 190 మంది హాజరై, 190 మందీ ఎత్తివేతకే ఓటేశారు. వారిలో 18 మంది అధికార పార్టీ వాళ్లే. తెల్లవారుజామున నాలుగున్నరకు మంత్రివర్గం ఎత్తివేతను ఆమోదించింది.

సాధారణ సమావేశాలు అప్పటికే నడుస్తున్నాయి కనుక సభను ఎవరూ పిలవనక్కరలేకపోయింది. విరామంలో ఉన్నా, నాలుగో వంతు సభ్యులు అడిగితే సభ కూడాల్సిందే. పైగా మార్షల్ లా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, నేరం చేస్తూ పట్టుబడితే తప్ప ఎంపీని అరెస్టు చేయకూడదు. స్పీకర్ వూ వోన్ షిక్ 67 ఏళ్ల వయసులో కంచె దాటి వచ్చిన ఫొటో అందరూ చూశారు. నాకు అంతకన్నా గొప్పగా తోచింది ఆ తర్వాత ఆయన చూపిన నిబ్బరం. సైనికులు భవనంలోకి చొరబడ్డారు, వెంటనే ఓటింగ్ పెట్టమని సభ్యులు ఒత్తిడి చేస్తున్నారు. అయినా తీర్మానం పద్ధతి ప్రకారం సభ ముందుకు వచ్చేదాకా ఆగారు. పద్ధతి తప్పి ఉంటే ఆ ఓటే చెల్లదనే వాదన మర్నాడే మొదలయ్యేది.

కొరియా ఏర్పాటులో లోపం బయటపడింది ఆ తర్వాత, పార్లమెంటు యూన్‌ను అభిశంసించాక, రాజ్యాంగ న్యాయస్థానం దగ్గర. అభిశంసనకు గురైన అధ్యక్షుణ్ని తొలగించాలంటే ఆరుగురు న్యాయమూర్తులు ఒప్పుకోవాలి. తొమ్మిది స్థానాల్లో పార్లమెంటు ఎంపిక చేయాల్సిన మూడూ అక్టోబరు నుంచి ఖాళీ. మిగిలిన ఆరుగురిలో ఒక్కరు విభేదించినా యూన్ పదవిలో కొనసాగేవారు. పార్లమెంటు ఎంపిక చేసిన వారిని నియమించనన్న తాత్కాలిక అధ్యక్షుడు హాన్ డక్ సూను డిసెంబరు 27న అభిశంసించారు. ఆయన స్థానంలోకి వచ్చిన చోయ్ సాంగ్ మోక్ ఇద్దరిని నియమించారు. 2025 ఏప్రిల్ 4న ఎనిమిది మందీ ఏకగ్రీవంగా యూన్‌ను తొలగించారు. మరో రెండు వారాలు ఆలస్యమైతే ఇద్దరు న్యాయమూర్తుల పదవీకాలం ముగిసి, మళ్లీ ఆరుగురే మిగిలేవారు. నియామకానికి గడువు పెట్టకపోతే ఇలాగే అవుతుంది.

మన సంగతి చూద్దాం. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటనపై రాష్ట్రపతి సంతకం పడ్డాక, మర్నాడు ఉదయం గాని మంత్రివర్గానికి చెప్పలేదు. అందుకే రాజ్యాంగ 44వ సవరణతో మంత్రివర్గ లిఖితపూర్వక నిర్ణయం తప్పనిసరి చేశారు. లోక్‌సభ సాధారణ మెజారిటీతో కాదంటే ఎమర్జెన్సీని రద్దు చేయాల్సిందేనని కూడా రాశారు. అది మంచి పనే. కానీ మన రాజ్యాంగం 352వ అధికరణ 8వ క్లాజు ప్రకారం పదో వంతు సభ్యులు నోటీసిచ్చాక ప్రత్యేక సమావేశానికి 14 రోజుల దాకా గడువుంది. 1975లో ప్రతిపక్ష నాయకులను తెల్లవారేలోపే పట్టుకెళ్లారు. నిర్బంధంలో ఉన్న ఎంపీకి సభకు వచ్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1960ల్లోనే చెప్పింది. అంటే ఓటు వేసే అధికారం కాగితం మీద ఉన్నా, వేయాల్సినవాళ్లు జైల్లో ఉండొచ్చు.

మన ఎమర్జెన్సీ, కొరియా మార్షల్ లా ఒకటి కావు, తెలుసు. అయినా రెండు మార్పులు చేయవచ్చు. 14 రోజుల గడువును 72 గంటలకు తగ్గించాలి. ఆ ఓటింగ్ ముగిసేవరకు, ముందస్తు నిర్బంధంలో ఉన్న ఎంపీలను సభకు తీసుకురావాల్సిన బాధ్యత ప్రభుత్వంపై పెట్టాలి. ఈ సవరణను ప్రైవేటు మెంబర్ బిల్లుగా ప్రవేశపెట్టమని రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, గుంటూరు